తెలియక ఇచ్చిన మాట

ఒక విద్యార్థిని ఎంత ఎదిగిందో తేల్చడానికి ఆమె మార్కుల జాబితా ఒక్కటే చాలునని మీరు నిజంగా నమ్ముతున్నారా? నమ్మేవారైతే లిఖితను మీరు ఎప్పుడో కొట్టిపారేసి ఉండేవారు.

తణుకు నుంచి సిడ్నీకి డేటా సైన్స్ చదవడానికి వచ్చిన ఆ అమ్మాయి తొలి సెమిస్టర్‌లోనే రెండు సబ్జెక్టులు తప్పింది. పెండిల్ హిల్‌లోని అద్దె గదిలో తలుపు వేసుకుని, వండుకోవడం కూడా మానేసి, చదువు విరమించుకుంటున్నట్టు దరఖాస్తు నింపి పెట్టుకుంది. పంపడమొక్కటే మిగిలింది. అదే ఇంట్లో ఉండే అపూర్వ అది చూసి ఊరుకోలేదు.

"ఒసేయ్, ఆ ఫామ్ ఎక్కడికీ పారిపోదు గానీ శనివారం నాతో రా. వరద సాయానికి వాలంటీర్లని తీసుకుంటున్నారు, ట్రైనింగ్ ఇస్తారు. బార్బీ కూడా ఉందంట, అదే, బార్బెక్యూ విందు."

"ఇసుక బస్తాలు మొయ్యడానికా మా నాన్న నన్ను ఇక్కడికి పంపింది?"

"ఇప్పుడు ఆ మంచం నిన్ను మోస్తోందిగా, దానికైనా రెస్ట్ ఇవ్వు. లే!"

లిఖిత వెళ్ళింది. ముడి వేయమంటే జారిపోయింది. బస్తా ఎత్తబోతే నేల మీంచి లేవనే లేదు. ఇక ఈ గడప తొక్కకూడదనుకుని, మధ్యాహ్నానికే వాలంటీర్ల దళ నాయకురాలు మ్యాగీ దగ్గర సెలవు తీసుకుంది. మ్యాగీ బస్సు నడిపి రిటైరైన మనిషి. బయల్దేరేటప్పుడు 'వెళ్తాను' అని ఊరుకోవడం అశుభమని లిఖిత ఇంట్లో నేర్పారు. అందుకే అలవాటుకొద్దీ "ఐ విల్ గో అండ్ కమ్" అంది. తెలుగువారికి అది వీడ్కోలు. మ్యాగీ దానిని మాటగా తీసుకుంది.

దళమంతా ఎదురుచూసింది. బార్బెక్యూలో కాల్చిన ఆమె వంతు సాసేజీల మీద మూత పెట్టి, శిక్షణ ఇచ్చే షెడ్డుకు తాళం వేయకుండా సాయంత్రం దాకా కూర్చున్నారు. అప్పటికీ రాకపోయేసరికి మ్యాగీ ఫోన్ చేసింది. ఆమె గొంతులో కోపం లేదు, కంగారు ఉంది. "వస్తానన్నావు కదా, దారిలో ఏమైనా అయిందా?"

ఆ దేశంలో తన కోసం ఎవరైనా ఎదురుచూడడం లిఖితకు అదే మొదలు. సిగ్గుతో నిజం చెప్పలేక మరుసటి శనివారం మళ్ళీ వెళ్ళింది. అసలు సంగతి అప్పుడు విని మ్యాగీ పొట్ట పట్టుకుని నవ్వింది. "అయితే మీ భాషలో పోవడమంటే రావడమేనా?" ఆపై శనివారమూ లిఖిత వెళ్ళింది. ముడులు బిగిశాయి. ఆకలి తిరిగి వచ్చింది, నిద్ర కూడా.

ఫిబ్రవరి వానలకు నది పొంగినప్పుడు ఇళ్ళు ఖాళీ చేయించే బృందంలో ఆమెకు చోటు దక్కింది. ఒక ఇంట్లో, ఇండియా నుంచి కొడుకును చూడవచ్చిన రామానుజంగారు తలుపుకు అడ్డంగా నిలబడి, అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా కదలనన్నారు. భార్య శారదాంబ సంచి పట్టుకుని వెనక నిలబడింది. లిఖిత ముందుకు వచ్చింది.

"అంకుల్, వీధి చివర నీళ్ళొచ్చేశాయి. బయల్దేరాలండీ."

"తెలుగమ్మాయివా! ఏ ఊరు?"

"తణుకండీ."

"తణుకులో ఎవరి అమ్మాయివి?"

"వ్యాన్‌లో మా ఏడు తరాలూ చెప్తాను, ముందు చెప్పులేసుకోండి. మీ అబ్బాయిగారికి నేనే ఫోన్ చేస్తాను."

శారదాంబ నవ్వేసింది. "పదండి పదండి. ఈ పిల్ల మీకు తగ్గ మొండిది."

అరగంటలో ఆ వీధి మునిగింది. ఆ మధ్యాహ్నం పదకొండు ఇళ్ళవారు లిఖిత మాట మీద బయటికి వచ్చారు. మూడు నెలల కిందట తన గదిలోంచే బయటికి రాలేకపోయిన అమ్మాయి! ఈ ఎదుగుదలకు మార్కులు వేసే గడి ఏ జాబితాలో ఉంది?

సోమవారం యూనివర్సిటీ సలహాదారు ఆమెను పిలిపించింది. చదువు కొనసాగించదలిస్తే ఈ వాలంటీరు పని వదులుకోవడం మేలని మెత్తగా చెప్పింది. లిఖిత చివరిదాకా విన్నది.

"తప్పిన రెండు సబ్జెక్టులూ మళ్ళీ చదువుతాను" అంది. "శనివారాలు మాత్రం వదులుకోను." అక్కడే కూర్చుని, రెండింటికీ పేరు నమోదు చేయించుకుంది.