ఇంద్రసభలో గళ్ల లుంగీ

ఇంకా నవ్వు ఆగడం లేదు. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ నహ్దాలో మా పక్క ఫ్లాట్‌లో ఉండే టైలర్ ఖాదర్ భాయ్‌ది నెల్లూరు. కుర్రతనంలో ఒక పౌరాణిక సీరియల్‌కి పనిచేశానని, ఇంద్రుడి ఉత్తరీయం రెపరెపలాడేలా అట్టతో విసిరింది తనేనని ఎప్పుడూ చెబుతుంటాడు. మేమెవరమూ నమ్మలేదు.

ఈ రోజు ఆ సీరియల్ హెచ్‌డీలో యూట్యూబ్‌కి వచ్చిందంటే అందరం వాళ్లింట్లో చేరాం. అప్పటి చదరపు టీవీలో పట్టక కత్తిరించిన అంచులు కూడా ఇప్పటి వెడల్పు తెర మీద కనిపిస్తున్నాయి. ఇంద్రసభ వచ్చింది. సింహాసనం పక్కన గొంతుక్కూర్చుని, గళ్ల లుంగీలో, అట్ట విసురుతూ ఒక బక్కపల్చని మనిషి!

"యా అల్లా, నేనే గదన్నా!" అంటూ ఖాదర్ భాయ్ సోఫాలోంచి ఎగిరాడు. పదకొండుసార్లు వెనక్కి తిప్పి చూశాం.

కింద కామెంట్లలో మాత్రం ఒకటే గోల: స్వర్గంలో ఆ లుంగీ ఎవడు, తీసేయండి అని. భాయ్ మొహం వాడిపోయింది.

"ముప్పయ్యేళ్లకి కనపడ్డా గదా, మళ్లీ తుడిచేస్తారేమోన్నా!"

అక్కడికక్కడే ఏడుగురం ఏడు ఫోన్లు తీసి కామెంట్లు పెట్టాం. మీరూ వెళ్లి రాయండి: కావాలంటే ఇంద్రుణ్ణి తీసేసుకోండి, లుంగీని మాత్రం ముట్టుకోకండి.