తొమ్మిదో ఇల్లు

మా కాగితం మిల్లు మూతపడ్డాక మా ఊరు కౌవోలాలో ప్రోగ్రామింగ్ క్లాసులో చేరిన పదకొండుమందిలో యోర్మా ఒకడు, నేనొకణ్ణి. మిల్లులో ఇరవై రెండేళ్లు షిఫ్టు బాసు అతను. అతని కింద తడి కాగితం నమూనాలు మోసిన సిర్పా ఇప్పుడు పక్క బల్ల దగ్గరే కూర్చునేది. జావాస్క్రిప్ట్‌లో ఏ పాఠమైనా ముందు ఆమెకే అర్థమయ్యేది. యోర్మాకి అది కంట్లో నలుసైంది. ఆమె కీబోర్డు టకటకలాడితే చాలు, అతని దవడ బిగుసుకునేది.

మార్చిలో ఒక పనిచ్చారు. ఎనిమిది ఇళ్ల అపార్ట్‌మెంటుకి సౌనా అనే ఉమ్మడి ఆవిరిస్నానపు గది వంతులు రాసుకునే వెబ్ పేజీ, ఇంటికో బటన్. యోర్మా ఒకటి నుంచి లెక్కపెడుతూ అదే పని తిరిగి తిరిగి చేసే లూప్ రాసి ఎనిమిది బటన్లూ పెట్టాడు. ఏది నొక్కినా "తొమ్మిదో ఇల్లు" అంటోంది. లేని ఇల్లు! రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నాడు. సిర్పా పేజీ మాత్రం చక్కగా పనిచేస్తోంది.

"తనెక్కడ రాసింది? సాఫ్ట్‌వేర్‌లో ఉన్న వాళ్ల తమ్ముడు రాసిచ్చుంటాడు," అన్నాడు యోర్మా కాఫీ గదిలో, అందరికీ వినపడేలా.

సిర్పా కప్పు కింద పెట్టింది. "రండి బాసుగారూ, మీ చేతే రాయిస్తాను."

అతని కంప్యూటర్ దగ్గరే నిలబడి చెప్పింది. "మీ బటన్లు అంకెని గుర్తుపెట్టుకోవు. అంకె ఉన్న డబ్బాని పట్టుకుంటాయి. ఎనిమిదింటికీ మీరిచ్చింది ఒకటే డబ్బా. లెక్క ఎనిమిది దాటాకే లూప్ ఆగుతుంది, అప్పటికి అందులో తొమ్మిదుంది. నొక్కినప్పుడు తెరిచి అదే చదువుతాయి."

"అయితే ఏం చెయ్యమంటావ్?"

"అంకె తీసుకుని, లోపల ఇంకో ఫంక్షన్ తయారుచేసిచ్చే ఫంక్షన్ రాయండి. పిలిచినప్పుడల్లా కొత్త డబ్బా పుడుతుంది."

"బయటి ఫంక్షన్ పని ముగించుకున్నాక దాని డబ్బా కూడా పోతుందిగా?"

"లోపలి ఫంక్షన్ ఆ డబ్బాని పట్టుకునే ఉంటుంది, వదిలితేగా పోయేది! దీన్నే క్లోజర్ అంటారు."

యోర్మా అలాగే రాసి మూడో బటన్ నొక్కాడు. "మూడో ఇల్లు" అంది. విషయం అర్థమైంది గానీ, ఆమె చెబితే అర్థమైందన్నదే మింగుడుపడలేదు.

మర్నాడు ఆమె దగ్గరికెళ్లి, "ఆ తమ్ముడి మాట అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

"అవును, ఉండాల్సింది," అంది సిర్పా, బన్ను తుంచుకుంటూ.

జూన్‌లో ఆమెకి దగ్గర్లోని లాహ్తీ పట్నంలో ఉద్యోగమొచ్చింది. మేం కేకు కోశాం. యోర్మా చెయ్యి కలిపాడు. బయట బస్టాపులో మాత్రం నాతో, "ఆ ఉద్యోగానికి నేనూ వెళ్లాను," అన్నాడు.

"ఆమెకి తెలుసా?"

"తెలుసు. నా ఇంటర్వ్యూకి ముందు రోజు తనదయ్యాక, ఏమేం అడిగారో నాకు ఫోన్ చేసి చెప్పింది కూడా." బస్సొచ్చినా ఎక్కలేదు.

శరదృతువులో అతనికీ ఇక్కడే చిన్న పని దొరికింది, బాగానే చేస్తున్నాడు. సిర్పా పేరెత్తితే మాత్రం ఇప్పటికీ మాట మార్చేస్తాడు.