మా దాయాదులూ, సైకిలు పార్కూ

ఆ రోజుల్లో నాకు కొండ దిగడమంటే పిచ్చి. ఎక్కడం కాదు, దిగడం. అదీ సైకిలు మీద. డెల్టాలో పుట్టి పెరిగిన మనిషికి రావలసిన పిచ్చి కాదిది. మా వైపు నేలంతా అరచెయ్యిలా ఉంటుంది, కాలవగట్టు ఎక్కితే అదే మాకు ఎత్తు. సైకిలుకి బ్రేకులు ఉంటాయి గానీ వాటితో పెద్దగా పనుండదు, కాలు కింద పెడితే బండి ఆగిపోతుంది. అలాంటిదాన్ని, బెజవాడలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, కర్ణాటక వైపు కొండల్లో ఒక సైకిలు పార్కు ఉందనీ, రాళ్ళ మీదా చెట్ల వేళ్ళ మీదా ఎగిరిపడుతూ కిందికి దిగడానికి ఎక్కడెక్కడి జనమో ముందుగా స్లాటు బుక్ చేసుకుని మరీ వెళ్తారనీ ఒక వీడియోలో చూసి అన్నం మానేశాను. (పూర్తిగా కాదు, రాత్రిపూట టిఫిను తినేదాన్ని.)

ఆఫీసులో ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు మరో ముగ్గురు దొరికారు. వాళ్ళలో పెద్దాయన్ని మ్యాపు గారు అనేవాళ్ళం, క్యాంటీనుకి వెళ్ళాలన్నా ఫోనులో దారి చూసుకునేవారు కాబట్టి. ఆదివారాలు ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లి కోట రోడ్డుకి వెళ్ళి దిగడం నేర్చుకునేవాళ్ళం. దూరాన కరెంటు ప్లాంటు గొట్టాలు పొగ వదులుతుంటే, నేను దుర్గమ్మని తల్చుకుంటూ, రెండు బ్రేకులూ బిగించి పట్టుకుని, నడకకన్నా నెమ్మదిగా దిగేదాన్ని. వన్ టౌన్‌లో తిరిగి తిరిగి మోకాళ్ళకి ప్యాడ్లు కొన్నాం. సెలవు దొరికింది, స్లాటు దొరికింది, రైలు టికెట్లు దొరికాయి. బయల్దేరే ముందురోజు సీతానగరం తాతయ్య పోయారు.

ఆయన మా నాన్నకి దాయాది వరస. ఆయన బతికున్నారన్న సంగతి ఆయన పోయినప్పుడే నాకు తెలిసింది. అయినా ఇంటిపేరు ఒకటే, గోత్రం ఒకటే, కాబట్టి మాకు పదిరోజుల మైల. "మైలలో విహారయాత్రలేమిటే, నలుగురూ వింటే నవ్విపోతారు" అంది అమ్మ. ప్యాడ్లు అటక మీదికి వెళ్ళాయి. కొన్నాళ్ళాగి మళ్ళీ ప్లాను వేస్తే అవనిగడ్డ తాతయ్య పోయారు. (పాపం, ఆయన కాస్త ముందుగానే పోయారు, టికెట్లు రద్దు చేసుకోవడానికి వ్యవధి ఇచ్చి.) మ్యాపు గారు నన్ను పక్కకి పిలిచి, "మీ వాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారమ్మా? తప్పుగా అనుకోకు, ప్లానింగు కోసం అడుగుతున్నాను" అన్నారు. అమ్మ దగ్గర వేరే ఉపాయం ఉంది. "పెళ్ళి చేసుకో. గోత్రం మారితే ఈ మైలలేవీ నీకు అంటవు" అంది. సైకిలు తొక్కడం కోసం పెళ్ళి చేసుకోమన్న తల్లి మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది.

మూడోసారి స్లాటు కోసం చూస్తున్నానని తెలిసేసరికి మా వాళ్ళలో కలవరం మొదలైంది. ఫ్యామిలీ గ్రూపులో పెద్దవాళ్ళు పొద్దున్నే గుడ్ మార్నింగ్ పెట్టి, ఇంకా ఉన్నామని తెలియజేసుకునేవాళ్ళు. ఒకరోజు మా పెదనాన్న ఫోను చేశారు. నాన్నకి సొంత అన్నయ్య, కూచిపూడి దగ్గర ఊళ్ళో రిటైరైన తెలుగు మాష్టారు, పంచాంగం చూడనిదే గడప దాటని మనిషి. పై ఇద్దరూ వెళ్ళిపోయాక దాయాదుల్లో ఇక ఆయనే పెద్ద, పైగా గుండెజబ్బు.

"ఏమ్మా, ఈ నెల్లో ప్రయాణాలేమైనా పెట్టుకున్నావా?"

"ఇంకా లేదు పెదనాన్నా."

"మంచిది, మంచిది. ఊరికే అడిగాను."

ఆ గొంతులో ఊరట వింటే నవ్వొచ్చింది. ఫోను పెట్టేశాక నవ్వు పోయింది. ఆయన నిజంగానే భయపడుతున్నారు. చిన్నప్పుడు కాలవగట్టు మీద సీటు పట్టుకుని వెనకే పరిగెత్తుతూ నాకు సైకిలు నేర్పింది ఆయనే. ఆ మనిషిని భయపెట్టి కొండ దిగడం నాకిష్టం లేకపోయింది. రావడం లేదని ఆఫీసులో చెప్పాను. "ఈసారి ఎవరు పోయారు?" అన్నారు మ్యాపు గారు సానుభూతిగా. "ఇంకా ఎవరూ పోలేదండీ" అన్నాను.

ఈ సంగతి అమ్మ ద్వారా తెలిసి, పెదనాన్న నన్ను రమ్మని కబురు పెట్టారు. వెళ్తే పడక్కుర్చీలో కూర్చుని, ఆ పార్కు వీడియో చూపించమన్నారు. కళ్ళజోడు సర్దుకుని, మనుషులు లోయలోకి దూకుతున్నట్టు దిగడం చివరిదాకా చూసి, "సీటు ఎవరూ పట్టుకోరా?" అన్నారు. పట్టుకోరన్నాను. "నాకు భయంగానే ఉందమ్మా, అబద్ధమెందుకు. కానీ నా భయానికి నువ్వు సైకిలు దిగిపోతే ఇంకా భయంగా ఉంది. బుక్ చెయ్, నా ఎదురుగా చెయ్" అన్నారు. పంచాంగం చూసి మంచి రోజు ఆయనే పెట్టారు. బస్సెక్కే ముందు, "కిందికి దిగాక ఫోన్ చెయ్. ఇద్దరం ఉన్నామో లేదో చూసుకుందాం" అని నవ్వారు.

వెళ్ళాను. ఆ కొండ పొడుగునా మూడుసార్లు పడ్డాను, ఒకసారి ముళ్ళకంపలో. కిందికి చేరగానే పెదనాన్నకి ఫోను చేశాను. నాన్న ఎత్తాడు. నాన్న అక్కడికెందుకు వెళ్ళాడని అడగడం కూడా తోచలేదు.

"పెదనాన్న పడుకున్నారమ్మా. దెబ్బలేం తగల్లేదు కదా?"

"లేదు నాన్నా. నేను దిగేశానని చెప్పు."

"చెబుతాను" అన్నాడు నాన్న.

తిరిగొచ్చిన రోజు బెజవాడ స్టేషన్లో నాన్న నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగి ఉంది. మా ఇంట్లో ఆ గడ్డానికి అర్థం చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను రైలెక్కిన రాత్రే పెదనాన్నకి నొప్పి వచ్చిందట. ఆసుపత్రిలో నాన్న చెయ్యి పట్టుకుని, "అది కొండ దిగి వచ్చేదాకా చెప్పకండి. వినేదాకా మైల లేదు, శాస్త్రం నేను చెబుతున్నాను" అన్నారట. నేను ఫోను చేసేసరికి ఆయన హాల్లో చాప మీద ఉన్నారు. నాకు ముందు కోపం వచ్చింది, ఆఖరిచూపు లేకుండా చేశారని. తరవాత ఆ ప్లాట్‌ఫారం మీదే, మోకాలి ప్యాడ్లు వేలాడుతున్న బ్యాగుతో, చిన్నపిల్లలా ఏడ్చాను.

అమ్మ కోరిక తీరింది. నాకు పెళ్ళయింది, గోత్రం మారింది. ఇప్పుడు మా వైపు దాయాదులెవరు పోయినా స్నానంతో సరి. నేను టికెట్లు తీసుకున్నానంటే భయపడి ఫోను చేసేవాళ్ళెవరూ మిగల్లేదు. మొన్న మళ్ళీ ఆ కొండకి వెళ్ళాం. ఇప్పటికీ రెండు బ్రేకులూ పట్టుకునే దిగుతాను, చిన్నపిల్లలు నన్ను దాటిపోతూ వెనక్కి తిరిగి నవ్వుతారు. కిందికి చేరాక చెయ్యి దానంతటదే ఫోను మీదికి వెళ్ళింది. ఆ నంబరు ఇంకా తీసెయ్యలేదు. పడుకున్నారులే అనుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.