ఎడమకు తిప్పితే వచ్చే చప్పుడు

కరీంనగర్‌లో కారు నడపడం నేర్చుకున్న ఆడవాళ్లలో చాలామందికి పద్మలత తెలుసు. మంకమ్మతోటలో ఒక గది అద్దెకు తీసుకుని, రెండు పాత చిన్న కార్లతో ఆమె డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది భర్తలు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న ఇల్లాళ్లు. ఇంటిముందు కారుంటుంది, దానిమీద కవరుంటుంది, ఆయన సెలవు మీద వచ్చినప్పుడే ఆ కవరు తీస్తారు. పిల్లలకు జ్వరమొస్తే మాత్రం ఆటో కోసం రోడ్డుమీద నిలబడాలి. అలా నిలబడి విసిగిపోయినవాళ్లు పద్మలత దగ్గరికి వస్తారు. మొదటిరోజు ఆమె వాళ్లను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ఇంజన్ ఆన్ చేయించి, కాసేపు ఊరికే ఉండమంటుంది. సగం భయం చప్పుడుకే పుడుతుందని, అది అలవాటైతే చేతులు వాటంతటవే కుదురుకుంటాయని ఆమె నమ్మకం.

ఆమె పుట్టి పెరిగింది బెల్లంపల్లిలో. తండ్రి రాయమల్లు బొగ్గుగనిలో, అక్కడివాళ్ల మాటలో బొగ్గుబాయిలో, కార్మికుడు. షిఫ్టు సైరన్‌ను బట్టి వంట, స్నానం, నిద్ర నడిచే కంపెనీ క్వార్టరులో పెరిగింది. తర్వాత బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి, రాయమల్లు కూడా రిటైరై బజారు వెనక చిన్న ఇల్లు కట్టుకున్నాడు. బొగ్గును తొలిచే యంత్రాల పక్కన, పేలుళ్ల దగ్గర గడిచిన ఏళ్లకు ఆయన చెవులు దెబ్బతిన్నాయి. కుడిచెవి అసలు పనిచేయదు. ఎడమచెవి దగ్గర నోరుపెట్టి గట్టిగా చెబితే కొంత అందుతుంది. కూతురు చెవిమిషను పెట్టించింది గాని, అది పెట్టుకుంటే తలలో కందిరీగలు తిరుగుతున్నట్టుందని తీసి బీరువాలో పడేశాడు. ఆయనతో ఫోన్లో మాట్లాడాలంటే మధ్యలో తల్లి రామవ్వ ఉండాల్సిందే.

డిగ్రీ అయ్యాక పద్మలత కరీంనగర్‌లో ఒక కార్ల షోరూములో చేరింది. డ్రైవింగ్ అక్కడే నేర్చుకుంది. ఒకరోజు ఎవరో పెద్దాయన రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారులో వచ్చి, దారికి అడ్డంగా ఆపి లోపలికి వెళ్లాడు. తాళాలు తీసుకుని దాన్ని పక్కకు పెట్టడానికి ఆ సమయానికి ఖాళీగా ఉన్నది పద్మలతే. గేటు దగ్గర్నుంచి చెట్టునీడ దాకా, అంతే దూరం, ఆమె ఆ కారు నడిపింది. నేలకు ఆనుకుని కూర్చున్నట్టు ఉండటం, వేలు కదిపితే బండి ముక్కు తిరగడం ఆమె మర్చిపోలేదు. పెళ్లయింది, షోరూము మానేసింది, సొంత స్కూలు పెట్టింది. ఆ కోరిక మాత్రం ఎక్కడికీ పోలేదు. భర్త శ్రీహరి కరెంటు శాఖలో లైన్‌మన్. కొనుక్కోమన్నది ఆయనే. ఎన్నో ఏళ్లుగా ఊరందరికీ నేర్పిస్తున్నావు, నీకోసం ఎప్పుడు నడుపుతావు అని అడిగాడట.

అలా పోయిన వానాకాలం ముందు ఆమె హైదరాబాదు వెళ్లి ఒక పాత స్పోర్ట్స్ కారు తెచ్చుకుంది. ముదురు నీలిరంగు. ముందు రెండు సీట్లు, వెనక పేరుకు రెండు. ఇంతకుముందే ముగ్గురి చేతులు మారిన బండి. రాజీవ్ రహదారి మీద నేరుగా వచ్చినంతసేపు ఏమీ తెలియలేదు. కరీంనగర్‌లోకి వచ్చి వీధి మలుపు తిరిగేసరికి ముందు చక్రాల దగ్గర టకటకమని మొదలైంది. స్టీరింగ్ నేరుగా పెడితే ఆగింది. మళ్లీ తిప్పితే మళ్లీ వచ్చింది.

మర్నాడు బైపాస్ రోడ్డులో మల్లేష్ షెడ్డుకు తీసుకెళ్లింది. స్కూలు కార్లు రెండూ చాలాకాలంగా చూస్తున్నది ఆయనే. తొందరపడి విప్పే మనిషి కాదు. షెడ్డు పక్క ఖాళీ జాగాలో బండిని పెద్ద సున్నా చుట్టినట్టు నడపమని ఆమెకు చెప్పి, తాను పక్కన నడుస్తూ విన్నాడు. తర్వాత ఆమెను నిలబెట్టి, తాను నడిపి, ఏవైపు నుంచి వస్తోందో చెప్పమన్నాడు. పూర్తిగా తిప్పి ఎక్స్‌లేటరు తొక్కినప్పుడే టకటకమంటోంది కాబట్టి యాక్సిల్ చివరి జాయింటు అరిగిందని తేల్చాడు. రబ్బరు తొడుగు చిరిగి గ్రీజంతా కారిపోయి, లోపల ఇసుక చేరింది. జాయింటు మార్చాక ఆ చప్పుడు పోయింది.

అది పోయాక దానికింద ఇంకోటి ఉందని తెలిసింది. నెమ్మదిగా ఎడమకు తిరిగేటప్పుడు, అదీ చిన్న గుంతో స్పీడ్ బ్రేకరో తగిలినప్పుడు, ధన్‌మని ఒకేసారి వచ్చి ఊరుకునేది. కొన్ని రోజులు అసలు వచ్చేది కాదు. మల్లేష్ దగ్గరికి తీసుకెళితే వినబడదు, ఆమె ఇంటికి వెళ్లేదారిలో వినబడుతుంది. ఆయన కింద దూరి అన్నీ కదిపి చూశాడు. పైకి ఏదీ చెడిపోయినట్టు లేదు. ఆ సాయంత్రం తాళాలిస్తూ చెప్పిన మాట మాత్రం పద్మలతకు బాగా గుర్తుంది.

"చెల్లె, ఒక చప్పుడు దొరికింది, ఇంకోటి దొరకలే. అది దొరికేదాక ఊర్లెనే తిప్పుకో. దూరం పోకు, జోరు మీద అసలే పోకు."

ఆమెకది ఇబ్బందిగానే అనిపించింది. ఎందుకంటే ఆ బండి కొన్నప్పుడే తండ్రికి ఒక మాట ఇచ్చింది. రాయమల్లు బాయిలో కొత్తగా చేరినప్పుడు ఆయనకు పని నేర్పిన మనిషి బుచ్చిరాములు. ఇప్పుడు ఉట్నూరులో, అంగన్‌వాడీ టీచరుగా పనిచేసే కూతురు సారక్క దగ్గర ఉంటున్నాడు. ముసలితనం బాగా మీదపడింది. చాలా ఏళ్లుగా కలవలేదు. ఒక్కసారి చూసిరావాలని రాయమల్లు అంటూనే ఉన్నాడు. నా బండిలో తీసుకుపోతానని కూతురు మాటిచ్చింది. ఆ దారి లక్సెట్టిపేట, జన్నారం మీదుగా అడవిలో పోతుంది. అన్నీ మలుపులే.

మల్లేష్ వద్దన్న సంగతి ఫోన్లో తల్లికి చెప్పి, బాపుతో కొన్నాళ్లు ఆగమని చెప్పించింది. రాయమల్లు ఏం విన్నాడో ఏం అర్థం చేసుకున్నాడో గాని, రెండోరోజు పొద్దున బస్సు దిగి, భుజాన సంచితో మంకమ్మతోటకు వచ్చేశాడు. చప్పుడంటే ఏం చప్పుడు, నాకు చూపెట్టు అన్నాడు. వినబడని మనిషికి చప్పుడెలా చూపించాలో పద్మలతకు తోచలేదు. సరే, మల్లేష్ దగ్గరికే పోదాం, ఆయనే చెబుతాడని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. రాయమల్లు చెప్పులు విడిచి, పాదాలు బండి నేలకు ఆనించి కూర్చున్నాడు. షెడ్డులోకి ఎడమకు తిరిగేటప్పుడు చక్రం మురికికాలువ అంచు ఎక్కి దిగింది. ఆ చప్పుడు పద్మలతకు వినబడింది. అదే క్షణంలో తండ్రి కిందికి చూశాడు.

"ఇగో, ఇప్పుడు తన్నింది" అన్నాడు. "నా కాలి కింద. ఎవలో కిందికెళ్లి గుద్దినట్టు."

మల్లేష్ ఈ మాట విని బండిని గుంత మీద నిలబెట్టాడు. కింద నిలబడి పనిచేసుకోవడానికి తవ్వి సిమెంటు చేసిన గుంత అది. పద్మలతను ఇంజన్ ఆన్‌చేసి స్టీరింగ్ మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ఉండమని, తాను కిందికి దిగాడు. వెనక్కి తిరిగి చూస్తే రాయమల్లు కూడా మెట్లు దిగుతున్నాడు. పెద్దమనిషికి ఎందుకని మల్లేష్ ఆపబోయాడు. బాయిలో దిగిన మనిషికి ఇదో లోతా అన్నట్టు నవ్వి, రాయమల్లు చొక్కా చేతులు పైకి మడిచాడు.

బాయిలో బొగ్గు తీసేచోట పైకప్పు గట్టిగా ఉందా లేదా అని రోజూ చూసుకోవాలి. ఒక చేత్తో ఇనుపకడ్డీ పట్టుకుని కప్పును తట్టి, రెండో చేతి వేళ్లు పక్కనే ఆనించి ఉంచుతారు. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, వేళ్లకు ఏమీ తెలియదు. లోపల విడిపోయి ఉంటే చప్పుడు డొల్లగా వస్తుంది, రాయి వేళ్లకింద వణుకుతుంది. చెవులు తగ్గుతూ వచ్చిన చివరి ఏళ్లలో రాయమల్లు ఎక్కువగా వేళ్లనే నమ్ముకున్నాడు.

ఇప్పుడూ అదే చేశాడు. పైన కూతురు స్టీరింగ్ తిప్పుతుంటే మల్లేష్ స్ప్రింగు పైభాగం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన అనుమానం ఆ పైనున్న రబ్బరు మీద ఉంది. రాయమల్లు కిందనుంచి ఒక్కో ఇనుపముక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు ఆగి, ఇంకోదాని మీదికి జరిపాడు. ఒకచోట చెయ్యి జరపలేదు.

"ఈడ చెయ్యి పెట్టు" అని మల్లేష్‌ను పిలిచాడు.

మల్లేష్ పెట్టాడు. స్టీరింగ్ ఎడమకు తిరిగింది. లోపల ఏదో ఎగిరి కూర్చున్నట్టు ఆయన అరచేతికీ తగిలింది. చక్రాన్ని బండికి పట్టి ఉంచే బాల్ జాయింట్ అది. మన తుంటి కీలులాగే గిన్నెలో గుండు తిరిగే కీలు. మల్లేష్ చక్రం పైకెత్తి, కీలు కింద ఇనుపరాడ్ పెట్టి మీటాడు. అంతకుముందు మీటినప్పుడు పక్కనుంచి మీటానని, ఇలా కిందినుంచి మీటలేదని తనకు తానే చెప్పుకున్నాడు. గుండు గిన్నెలోంచి గోరుపట్టేంత ఎడంగా కదిలింది. తొడుగు కొత్తదిలా ఉంది గాని, కోసి చూస్తే లోపల గ్రీజు చుక్క లేదు, తుప్పు పొడి రాలింది. ఎవరో పాత కీలుకే కొత్త తొడుగు వేసి అమ్మారు.

పద్మలత దిగివచ్చి చూసింది. ఇది ఊడితే ఏమవుతుందని అడిగింది. చక్రం బయటికి వాలిపోతుంది, బండి మన మాట వినదు అని మల్లేష్ నెమ్మదిగా చెప్పాడు. జన్నారం అడవిదారి ఆమె కళ్లముందు కదిలింది. పక్కసీట్లో తండ్రి. ఆమె షెడ్డు బయట బల్లమీద కూర్చుండిపోయింది.

మల్లేష్ ముఖం కూడా చిన్నబోయింది. "కాకా, రబ్బరు తొడుగు మంచిగున్నదని నేను మీదిమీదనే చూసిన" అన్నాడు.

కూతురు ఆ మాటను తండ్రి చెవిలో చెప్పింది. రాయమల్లు తల అడ్డంగా ఊపాడు. "నువ్వు దూరం పోకు అన్నవు గద బిడ్డా. ఆ మాట అనకపోతే మేం ఎప్పుడో పోయేటోళ్లం. నా చెయ్యి ఆడ పెట్టుడు తర్వాత ముచ్చట" అన్నాడు. మల్లేష్ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు వదల్లేదు. ఇద్దరి చేతులకూ నల్లని గ్రీజే.

కొత్త కీళ్లు హైదరాబాదు నుంచి రావాల్సి వచ్చింది. వచ్చేదాకా రాయమల్లు కూతురి ఇంట్లోనే ఉన్నాడు. పొద్దున స్కూలు కారు వెనకసీట్లో కూర్చుని, నేర్చుకునేవాళ్లు గేరు వేసే పద్ధతి చూసేవాడు. మల్లేష్ రెండువైపులా కీళ్లు మార్చి, చక్రాల వాలు సరిచేయించి, ఖాళీ జాగాలో మళ్లీ సున్నాలు చుట్టి, తర్వాత గానీ ఉట్నూరు పోవచ్చని చెప్పలేదు.

వాన వెలిసిన ఒక ఆదివారం పొద్దున బయల్దేరారు. జన్నారం దాటాక టేకుచెట్ల మధ్య దారి తడిసి నల్లగా ఉంది. మలుపు వచ్చిన ప్రతిసారీ పద్మలత చెవులు రిక్కించింది. పక్కన రాయమల్లు అరచెయ్యి తలుపుమీద ఆనించి ఉంచాడు. ఇద్దరికీ ఏమీ అందలేదు. ఉట్నూరు చేరేసరికి ఆయన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

బుచ్చిరాములు గడపలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సన్నబడ్డాడు, చూపు తగ్గింది, చెవులు మాత్రం పర్వాలేదు. రాయమల్లును గుర్తుపట్టి నవ్వాడు. సారక్క టీలు తెచ్చింది. ఇద్దరు ముసలివాళ్లూ బాయిల పేర్లు, షిఫ్టుల పేర్లు, పోయినవాళ్ల పేర్లు చెప్పుకున్నారు. ఆ తర్వాత రాయమల్లు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. కొత్తగా చేరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం తాను కప్పు తట్టకుండా అన్నం విప్పుకుని కూర్చుంటే, బుచ్చిరాములు వచ్చి తట్టి చూసి, మాట్లాడకుండా రెక్కపట్టి గుంజేశాడు. ఆ కూర్చున్నచోటే కప్పు కూలి అన్నపుగిన్నె నుజ్జయింది. ఆనాడు భయానికి నోరు రాలేదు. తర్వాత రోజూ కలిసి పనిచేశారు, ఆ మాటెత్తే సందర్భం రాలేదు.

"అన్నా, నువ్వు ఆనాడు గుంజకపోతే నేను లేను" అన్నాడు. "గీ బిడ్డ లేదు. ఆ మాట నీకు చెప్పుదామనే వచ్చిన."

బుచ్చిరాములు చాలాసేపు ఆలోచించాడు. "నాకు యాదికొస్తలేదు రాయమల్లూ" అన్నాడు చివరికి. "శానమందిని గుంజిన. నన్నూ ఎవలెవలో గుంజిండ్రు. ఎవల్నని యాదుంచుకుంటం."

రాయమల్లుకు ఆ మాట వినబడలేదు. పద్మలత ఆయన ఎడమచెవి దగ్గర వంగి చెప్పింది. రాయమల్లు విని, అవునన్నట్టు తలూపి, బుచ్చిరాములు మోకాలి మీద చెయ్యి వేశాడు.

కొంతసేపటికి బుచ్చిరాములు ఆ నీలిబండి సంగతి అడిగాడు. అంత కిందికి ఎందుకు కట్టారని, అది ఎంత జోరు పోతుందని. ఎక్కుతారా అని పద్మలత అడిగితే వెంటనే కర్ర పట్టుకుని లేచాడు. ఆ తక్కువ సీట్లో ఆయన్ను కూర్చోబెట్టడానికి ఆమె ఒకవైపు, సారక్క ఒకవైపు పట్టారు. బజారు దాటి, బస్టాండు చుట్టి, బడి పక్కగా ఇంటికి తీసుకొచ్చింది. ఆయన దారిపొడవునా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, ఎవరికో ఆయనకే తెలియాలి. దిగేటప్పుడు సారక్కను ఇలాంటిదే కొనమన్నాడు.

సాయంత్రం తిరుగుదారి పట్టారు. బుచ్చిరాములుకు ఆయన చెప్పినట్టే, తండ్రికి చెప్పాల్సింది ఆమెకూ ఉంది. చెప్పాలంటే బండి ఆపి, చెవి దగ్గరికి వంగి, అరిచి చెప్పాలి. అలా అరిచి చెప్పే మాట కాదని గేరు మీదున్న చెయ్యి తీసి ఆయన చేతిమీద పెట్టింది. ఆయన దాన్ని రెండుసార్లు తట్టి, ముందు రోడ్డు చూడమని సైగ చేశాడు. అడవి మొదలయ్యేసరికి తల కిటికీకి ఆనించి నిద్రపోయాడు. మలుపుల్లో ఆయన తల ఒరగకుండా పద్మలత జన్నారం దాకా మెల్లగానే నడిపింది.