గీత పడిన పాట

ముఠా తగాదాలు ముమ్మరంగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో కొత్త సీడీ ప్లేయరు కొని, ఒళ్లో పెట్టుకుని పులివెందుల బస్సులో కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన గ్రామఫోను ముల్లున్న చిన్న పొట్లాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు.

“సీడీలో గరగర ఉండదు మామా, అదే కొనుక్కోకపోయినావా?” అన్నాను.

“మా తమ్మునికి ఒక పాట శానా ఇష్టం. వాని చేయి జారి రికార్డు మీద గీత పడింది. ఆడికొస్తే ఒక మాట ఎగిరిపోతాది. పార్టీ కొట్లాటల్లో వాణ్ణి చంపినారు. సీడీలో ఆ గీత యాడుంటాదప్పా?”

కిటికీలోంచి ఎండలో కదిలిపోతున్న చీనీ తోటలు చూస్తూ, ఆయన ఆ పాటే సన్నగా పాడుకున్నాడు. ఒకచోట ఒక మాట వదిలేసి, అది తనకెప్పుడూ తెలియనట్టే ముందుకు సాగాడు.

ఆ పాట మా ఇంట్లో సీడీలోనే వింటాం. ఆ ఒక్క మాట వచ్చేటప్పుడు ఎవరు పలకరించినా నేను బదులివ్వను.