పడవలో పోయిన నాయనమ్మలు

మా నాయనమ్మను అమలాపురంలో ఒక రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు గారు చంపేశారు. కత్తితో కాదు, టైపు మిషనుతో. ఒక్కసారి కూడా కాదు, జిరాక్సు మిషను ఎన్ని కాపీలు తీస్తే అన్నిసార్లు. హతురాలు ఆ సమయానికి రాజోలు దగ్గర మా ఇంటి అరుగు మీద కూర్చుని, మిగిలిన నాలుగు పళ్ళతోనూ చెరుకుగడను పిప్పి చేస్తూ, వీధిలో వెళ్ళే సైకిళ్ళన్నిటినీ ఆపి వాటి యజమానుల క్షేమసమాచారాలు కనుక్కుంటోంది.

హత్యకు కారకురాలిని నేనే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఎంబీబీఎస్ పూర్తిచేసి రాజోల్లో ఒక నర్సింగ్‌హోములో డ్యూటీ డాక్టరుగా పనిచేస్తున్నాను. మత్తు డాక్టరు కావాలని నా పట్టు. కొన్ని స్పెషలిస్టు కోర్సులకు రాతపరీక్ష గట్టెక్కాక, ఆస్పత్రివాళ్ళే ఇంటర్వ్యూ చేసి రెసిడెంటు డాక్టర్లుగా చేర్చుకునే రోజులవి. రాతపరీక్షను ఒక్క ఊపులో దాటేశాను. ఇంటర్వ్యూ దగ్గర మాత్రం వరసగా రెండేళ్ళు బోల్తాపడ్డాను. హైదరాబాదులో అదే ఆస్పత్రి, అదే గది, అదే ముగ్గురు పెద్దలు. మొదటి ఏడు నా గొంతు రాజోల్లోనే ఉండిపోయింది. రెండో ఏడు గొంతు వెంట వచ్చింది గాని, "ఆయ్" తప్ప ఇంకో మాటను వెంటబెట్టుకు రాలేదు. ఈ సబ్జెక్టంటే ఇష్టమా? ఆయ్. కష్టమేమో కదా? ఆయ్. మరి వేరేది చూసుకోకూడదూ? ఆయ్. ఇంత మర్యాదస్తురాలిని వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండరు. కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి పంపించేశారు.

మూడో ఏడు మా నాన్న తేల్చేశాడు. ఆయన బడిపంతులు, ఒకసారి గీత గీస్తే చెరపడు. "ఇదే ఆఖరు తల్లీ. ఈసారీ రాకపోతే మత్తూ వద్దు, గిత్తూ వద్దు. పీహెచ్‌సీ పోస్టుకి కాగితం పెట్టేద్దాం." అని, నన్ను బస్సెక్కించి అమలాపురం మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళాడు.

మాస్టారు కోనసీమ మొత్తానికి జవాబుల సరఫరాదారు. బ్యాంకు ఉద్యోగాలకొక కట్ట, రైల్వేకొక కట్ట, టీచర్లకొక కట్ట. డాక్టర్లకు ప్రత్యేకం: ఇరవై ఒక్క జవాబులు, నీలం దారంతో కుట్టిన పుస్తకం. మనిషిని చూడకుండానే ఆ మనిషి జీవితాశయం చెప్పేయగల మహానుభావుడు.

"ఇందులో కొన్ని నిజం కావండి," అన్నాను, మూడు పేజీలు తిరగేసి.

"నిజం చెప్పడానికి నువ్వేమైనా కోర్టుకెళ్తున్నావా అమ్మా? ఇంటర్వ్యూకి కదా వెళ్ళేది," అన్నారాయన.

మూడో జవాబు ఇదీ: నా చిన్నతనంలో తుపాను రోజున, డాక్టరు అందక, గోదావరి దాటే పడవలో, మా నాయనమ్మ నా ఒళ్ళోనే ప్రాణాలు విడిచింది, ఆ క్షణానే నేను వైద్యానికి అంకితమయ్యాను. ఏడో జవాబు: మాది అక్షరజ్ఞానం లేని నిరుపేద కుటుంబం. తొమ్మిదో జవాబు: రెండేళ్ళు ఎందుకు వృథా అయ్యాయంటే, నాకు కామెర్లు వచ్చాయి.

ఇంట్లో తర్ఫీదు మొదలైంది. నాన్న మొదటి పరీక్షకుడు, పిన్ని రెండో పరీక్షకురాలు, గోడగడియారం మూడో పెద్దమనిషి. నా నోట "ఆయ్" వచ్చినప్పుడల్లా పిన్ని మోచేతి పైన గిల్లాలని ఒప్పందం. వారం తిరిగేసరికి నా ఎడమచెయ్యి నిగనిగలాడే వంకాయ రంగుకు వచ్చింది. కుడిచేతిని సంతకాలకని వదిలేసింది, దయగల మనిషి.

అంతా సజావుగానే జరిగిపోయేది. నాన్నకు ఒకరోజు ఉత్సాహం ఎక్కువై, మూడో జవాబులో బాధ సరిగ్గా పలకడం లేదంటూ, దాన్ని తెలుగులో, చేతులు తిప్పుతూ, గొంతు వణికిస్తూ చెప్పి చూపించాడు. అరుగు మీద చెరుకు నమిలే చప్పుడు ఆగిపోయింది.

"ఎవర్రా పడవలో పోయింది?"

"నువ్వేనమ్మా," అన్నాడు నాన్న, అదే ఊపులో.

నాయనమ్మ లేచి లోపలికి వచ్చింది. "నేనెప్పుడు పోయేనురా?"

"ఊరికే, జవాబులోనమ్మా. నిజంగా కాదు."

"జవాబులో మాత్రం నేనెందుకు పోవాలి? మీ నాన్న పోయినప్పుడు పోలేదు. అంత తుపానొస్తే పోలేదు. మిమ్మల్ని ఆరుగుర్ని కని పోలేదు. ఇప్పుడు ఇంగ్లీషులో పోతానా?" నా వైపు తిరిగింది. "ఇంకేం రాసేడే ఆ మహానుభావుడు?"

దాచిపెట్టాల్సింది. ఏడో జవాబు చెప్పేశాను.

"అక్షరం రాని కుటుంబమా! పగలంతా నడుం వంచి ఊడ్పులు ఊడ్చి, సాయంత్రం చర్చిలో పలక పట్టుకుని నేర్చుకున్నానే నేను! ఈ పంతులు గారి చేత అఆలు దిద్దించింది ఎవరనుకున్నావు?" పంతులు గారు తల వంచుకున్నాడు. "పదండి. చంపినాయన దగ్గరికే వెళ్దాం."

మర్నాడు మేం ముగ్గురం అమలాపురంలో దిగాం. మాస్టారు వాలుకుర్చీలో ఉన్నారు.

"వందనాలండి మాస్టారూ. నేనేనండి, పడవలో పోయినామెని."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. నాయనమ్మ అక్కడే ఉంది. ఇంతలో మాస్టారి భార్య గారు గుమ్మంలోకి వచ్చి, ఏమైనా తిన్నారా అని పలకరించారు.

"ఎక్కడ తిన్నానండీ. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. బస్టాండులో నాలుగు గారెలు, అంతే."

గారెలు తిండి కిందికి రావని మా వైపు చంటిపిల్లకు కూడా తెలుసు. ఆవిడ వెంటనే లోపలికెళ్ళి కంచం పెట్టారు. నాయనమ్మ తింటూనే బేరానికి దిగింది.

"అది కాదమ్మా," అన్నారు మాస్టారు. "మీకు అభ్యంతరమైతే, పిల్ల అమ్మమ్మ గారిని పంపిద్దాం."

"వియ్యపురాలు నాకంటే మంచిదండి. ఆవిణ్ణి చంపడానికి తమకు చేతులెలా వచ్చేయండీ?"

"సరే, ఎవరూ పోవద్దు. మీకు పక్షవాతం వచ్చిందని రాస్తాను. కుడివైపు పడిపోయింది. సరేనా?"

"కుడిచెయ్యి పడిపోతే, తమరిలాంటి పెద్దల్ని చెంపదెబ్బ కొట్టాల్సొస్తే ఏ చేత్తో కొట్టమంటారండీ?"

చెంపదెబ్బ గురించి అంత మర్యాదగా మాట్లాడగా నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. మాస్టారు కాగితాలు పక్కన పడేశారు. "ఎంతమందికి ఇచ్చానో ఈ జవాబు! ఏ మామ్మా ఇలా లేచి రాలేదు. మూడో జవాబు లేకపోతే సీటు లేదు. ఆపైన మీ ఇష్టం."

తిరుగు బస్సులో నాయనమ్మ తీర్పు చెప్పింది. "నేను బతికున్నానని సీటివ్వకపోతే, ఆ సీటు మీద వాళ్ళనే కూర్చోమను."

నాకూ ఆ మాటే అనాలనుంది. కాని ఆఖరుసారి. నేను వీరవనితను కాను. మూడో జవాబును పెరట్లో, అరటిచెట్లకు చెబుతున్నట్టుగా, దొంగచాటుగా బట్టీపట్టాను. పాపం అరటిచెట్లు కూడా తలలు వాల్చేశాయి.

ఇంటర్వ్యూ రోజున ఆస్పత్రి వసారాలో బెంచీ మీద నా పక్కన ముగ్గురు మా వైపువాళ్ళే కూర్చున్నారు. కొత్తపేట నుంచి ఒకాయన, కపిలేశ్వరపురం నుంచి ఒకమ్మాయి, ఉప్పలగుప్తం నుంచి ఇంకొకాయన. ముగ్గురూ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు. ప్రార్థన కాబోలనుకున్నాను. కొత్తపేటాయన సంచీలోంచి నీలం దారం వేలాడుతోంది.

"అమలాపురం మాస్టారి దగ్గరా అండీ?" అన్నాను.

"ఆయ్."

"మీ మామ్మ గారు కూడానా?"

"ఆయ్. పడవలోనేనండి. మీ నాయనమ్మ గారో?"

"అదే పడవండి."

ఉప్పలగుప్తం ఆయన కళ్ళు తెరిచాడు. కపిలేశ్వరపురం అమ్మాయి కట్ట బయటికి తీసింది. నలుగురం చూసుకున్నాం. మాస్టారు మొత్తం జిల్లా నాయనమ్మలందరినీ ఒకే పడవెక్కించి, అదే తుపానులో నది మధ్యకు తోసేశారు. వాళ్ళలో ఈత వచ్చిన మా నాయనమ్మ ఒక్కత్తే ఒడ్డుకొచ్చి గొడవ పెట్టుకుంది.

చివరి పేరు నాది. నాకంటే ముందు ఆ ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్ళారు. మార్చుకోవడానికి వేరే నాయనమ్మ లేదు పాపం. ఆఖరుగా బయటికి వచ్చిన కొత్తపేటాయనను ఏమడిగారన్నాను.

"పడవ పేరడిగేరండి," అని చెమట తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

లోపల అదే ముగ్గురు. మధ్యలో తెల్లజుట్టు డాక్టరమ్మ, ఒక పక్క కళ్ళజోడాయన, ఇంకో పక్క ఎప్పుడు చూసినా టీ తాగే ఆయన. రెండేళ్ళనాటి ఆ టీ ఇంకా అయిపోలేదు.

"మీదీ గోదావరి జిల్లాయేనామ్మా?" అన్నాడు కళ్ళజోడాయన. "మీ నాయనమ్మ గారు కూడా ఆ పడవలోనే ఉన్నారా?"

టీ తాగే ఆయన కప్పులోకి నవ్వాడు. మూడో జవాబు నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. ఆ నవ్వు చూశాక ఎక్కడో కాలింది. వీళ్ళు నవ్వేది నలుగురు పిల్లల్ని చూసి కాదు. పొద్దంతా బురదలో నిలబడి, సాయంత్రం పలక పట్టిన ఒక ముసలమ్మను చూసి.

"లేదండి. మా నాయనమ్మ బతికే ఉంది. కావలిస్తే తీసుకొస్తాను. కాని ఆవిడొస్తే ఇంటర్వ్యూ మీకు జరుగుతుంది."

కప్పు సాసరు మీదకు దిగింది.

"రెండేళ్ళు ఖాళీగా ఎందుకున్నారు?" కళ్ళజోడాయన కాగితంలోకి చూశాడు.

"ఖాళీగా లేనండి, రాజోల్లో పనిచేశాను. సీటెందుకు రాలేదంటారా, రెండుసార్లూ కాదన్నది మీరేనండి. కారణం మీకే తెలియాలి."

పిన్ని గిల్లిన చోట్లన్నీ ఒక్కసారి చురుక్కుమన్నాయి. డాక్టరమ్మ మాత్రం కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది. "మత్తే ఎందుకు?"

"మొదట్లో ఉత్త ఇష్టమేనండి. ఇప్పుడు మాత్రం, మా నాయనమ్మ ఎందుకు పోలేదో చెబుతాను. అదే జవాబు."

చెప్పాను. కిందటి వానాకాలం ఒక పొద్దున్న ఆవిడకు హెర్నియాలో పేగు ఇరుక్కుంది. మా నర్సింగ్‌హోముకే తెచ్చాం. సర్జను సిద్ధంగా ఉన్నాడు గాని మత్తు డాక్టరు నర్సాపురంలో, నదికి అవతలి ఒడ్డున ఉన్నాడు. ఆయన వానలో పంటు ఎక్కి నది దాటి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. కేసుషీటులో "ఏమీ తినలేదు" అని ఉంది. రాసింది నేనే. నాయనమ్మను అడిగే రాశాను.

ఆయన ఆ మాట చదివి, నాయనమ్మ పక్కన కూర్చున్నాడు. "ఏమైనా తిన్నారామ్మా?"

"లేదండి. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు."

"అన్నం సంగతి కాదమ్మా. అన్నం కాకుండా, నొప్పి రాకముందు, నోట్లో ఏమేం వేసుకున్నారో చెప్పండి."

"ఏముందండీ. ఓ దిబ్బరొట్టి. అందులోకి చెరుకు పానకం. రెండు చక్కెరకేళీలు. తిండెక్కడిదండీ?"

ఆయన ముందు ముక్కులోంచి గొట్టం వేసి కడుపు ఖాళీ చేశాడు. తర్వాత నడుము కిందివరకే మొద్దుబారేలా వెన్నులో ఇంజక్షను ఇచ్చాడు. నా రాత నమ్మి పూర్తి మత్తు ఇచ్చి ఉంటే, ఆ రొట్టె, ఆ పానకం పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయేవి.

"ఆవిణ్ణి చంపబోయింది తుపాను కాదండి, నేను," అన్నాను. "అన్నం తింటేనే తిన్నట్టని పుట్టినప్పట్నుంచీ తెలిసినదాన్ని. అయినా డాక్టరు కోటు వేసుకోగానే మర్చిపోయాను. నదికి అవతల్నుంచి వచ్చినాయనకు గుర్తుంది. నేను ఆయనలా అవ్వాలి."

డాక్టరమ్మ అడిగింది. "ఇప్పుడైతే పేషెంటును ఏమని అడుగుతావు?"

"తిన్నారా అని అడగనండి. లేచినప్పట్నుంచి నోట్లోకి ఏమేం వెళ్ళిందో వరసగా చెప్పమంటాను. పక్కనున్నవాళ్ళనూ విడిగా అడుగుతాను. ముఖ్యంగా వాళ్ళ మనవరాలు డాక్టరైతే, ఆవిడ రాసింది నమ్మను."

తర్వాత అరగంట సబ్జెక్టు మీద ఉతికి ఆరేశారు. కొన్ని చెప్పాను. కొన్నిటికి "తెలియదండి" అన్నాను. ఆ మాట మాస్టారి ఇరవై ఒక్క జవాబుల్లో ఎక్కడా లేదు. లేవబోతుంటే కళ్ళజోడాయన ఆపాడు.

"ఈసారీ కాదంటే ఏం చేస్తావు?"

నాన్న గీసిన గీత కళ్ళముందు కనిపించింది. "వచ్చే ఏడు మళ్ళీ వస్తానండి."

"నిజంగా వస్తావా?"

"ఆయ్," అన్నాను. ఆ ఒక్కదానికి నన్ను గిల్లే హక్కు ఎవరికీ లేదు.

సీటు వచ్చింది. నాన్న తన గీతను తానే చెరుపుకుని వీధంతా మిఠాయి పంచాడు. కబురు తెలిసి మాస్టారు వచ్చి, గదిలో జరిగినదంతా నా చేత మూడుసార్లు చెప్పించుకుని, తలాడించుకుంటూ వెళ్ళారు. మరుసటి ఏడు కొత్త కట్ట వచ్చింది, ఈసారి ఎర్రదారం. మూడో జవాబు మారింది. జిల్లా నాయనమ్మలందరూ ఒక్కసారిగా బతికి ఒడ్డుకు వచ్చేశారు. నాన్న ఒక కాపీ సంపాదించి, నేను సెలవుకు వచ్చిన రోజున అరుగు మీద నాయనమ్మకు తెలుగు చేసి వినిపించాడు.

ఆవిడ చివరిదాకా విని, చెరుకుగడ పక్కన పెట్టింది. "ఎన్ని రొట్టెలని రాసేడు?"

"మూడమ్మా. పానకం చెంబెడు."

"మూడా! తిన్నది ఒక్కటే కదురా! హైదరాబాదులో పెద్దపెద్ద డాక్టర్లంతా నన్ను తిండిపోతనుకోరూ?" ఆవిడ నా వైపు ఉరిమి చూసింది. "దీనికంటే ఆ పడవలో పోవడమే మర్యాదగా ఉందే!"