ఎర్ర చుక్క కవరు

నవ్వాలనుకుంటే ఇప్పుడే నవ్వేసి, తర్వాత వినండి. దేవుడి మీద ఒట్లు వేసే అలవాటు నాకు లేదు. పిల్లల మీద అసలే వేయను. కానీ ఇది జరిగింది. అనకాపల్లిలో, మెయిన్ రోడ్డు వెనక సందులో, నాకే జరిగింది. ఆ రోజు నేను బాగా అలసిపోయి ఉన్నాను. మీరు ఎలాగూ ఆ మాటే అంటారు కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

పగలు నేను బడిలో డ్రాయింగ్ టీచర్ని. సాయంత్రాలు రహీం బాబాయ్ స్టూడియోలో పాత నెగెటివ్‌లు స్కాన్ చేసేదాన్ని. స్టూడియో మూతపడి చాలా కాలమైంది. బాబాయ్ వాళ్ల నాన్న తీసిన గాజు నెగెటివ్‌లు మాత్రం చెక్కపెట్టెల్లో మిగిలాయి. బెల్లం మార్కెట్లో ఎడ్లబళ్ల బారు, ఇప్పుడు చీరల షాపు ఉన్నచోట మండువా లోగిలి, కొత్త సైకిలు పట్టుకుని బిగుసుకుపోయిన పెళ్లికొడుకు... పాత ఊరంతా ఆ పెట్టెల్లోనే ఉంది. పాడైపోయేలోగా అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి లైబ్రరీలో పెట్టాలని మా ఇద్దరికీ ఒక పిచ్చి. ఎన్ని చేసినా పెట్టె తరిగేది కాదు. మెడ పట్టేసేది. కళ్లు మండేవి. అయినా వెళ్లేదాన్ని.

కొన్ని కవర్ల మూల మీద ఎర్ర చుక్క ఉండేది. ఏమిటవని మొదటి వారంలోనే అడిగాను.

"అయ్యి పోయినోళ్ల ఫోటోలమ్మా," అన్నాడు బాబాయ్. "మనిషి బతికుండగా ఫోటో తీయించుకున్నోళ్లు అప్పట్లో ఎంతమంది? పోయేక మా నాన్నకి కబురెట్టేవోరు. కుర్సీలో కూకోబెట్టి తీసేవోడు. తర్వాత నెగెటివ్ మీద పెన్సిల్‌తో కళ్లు గీసేవోడు, తెరిసినట్టు. ఆటిని మాత్రం తుడవకు తల్లీ. పెన్సిల్ పోద్ది."

సరేనన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి నూకరత్నం మామ్మ వచ్చింది. కొండకర్ల నుంచి ఆటోలో, ఒక్కతే. గోడ తడుముకుంటూ లోపలికి వచ్చి కూర్చుంది. ఆమె చిన్నప్పుడు తమ్ముడు సింహాద్రి జ్వరంతో పోయాడట. ఐదేళ్లవాడు. అప్పుడు తీయించిన ఫోటో వాళ్లమ్మ దాచుకుంటే, ఇల్లు కారి వాన నీళ్లలో పాడైపోయింది. ఇప్పుడు మామ్మకి చూపు కొంచెం కొంచెంగా పోతోంది. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పేశాడు.

"ఈ కాస్త సూపూ పోయేలోగా ఆడి మొకం ఒక్కసారి సూడాలి తల్లీ," అంది. "మొకమంటే... కళ్లు. మిగతాయన్నీ మతికున్నాయి. కళ్లే మతికి రావట్లేదు."

మూడు వారాలు వెతికాం. దొరకలేదు. మామ్మ ప్రతి ఆదివారం వచ్చేది. లేదని చెబితే తలూపి వెళ్లిపోయేది. ఆ తలూపడం చూడలేక నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఇక ఆ రాత్రి. బడిలో పరీక్షలు. ముందు రాత్రి నిద్ర లేదు. బాబాయ్ రాత్రి నమాజుకి మసీదుకి వెళ్లాడు. నేను ఒక్కదాన్నే. నా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కవర్లోంచి తీయడం... స్పిరిట్ దూదితో తుడవడం... స్కానర్ మీద పెట్టడం. తీశాను. తుడిచాను. పెట్టాను. పేరు రాసుకుందామని కవరు తిప్పాను.

సింహాద్రి, కొండకర్ల.

మూల మీద ఎర్ర చుక్క.

చేతిలో దూది చూసుకున్నాను. బూడిదరంగు మరక. స్క్రీన్ మీద పిల్లాడు వచ్చేశాడు. కొత్త చొక్కా, నున్నగా దువ్విన తల, పెద్ద చెక్క కుర్చీ. కళ్లు మూసి ఉన్నాయి. నేనే తుడిచేశాను. మామ్మకి కావలసింది ఆ ఒక్కటే, దాన్నే తుడిచేశాను. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. కంప్యూటర్లో నేనే గీసేద్దామా అని కూడా అనుకున్నాను. డ్రాయింగ్ టీచర్నే కదా. కానీ ఎవరి కళ్లు గీస్తాను?

పెన్సిల్ గీత కొంచెమైనా మిగిలిందేమోనని మళ్లీ స్కాన్ పెట్టాను. గుర్ర్‌ర్... మని స్కానర్ లైటు కదిలింది. బొమ్మ పైనుంచి కిందికి దిగుతోంది. జుట్టు... నుదురు... కనుబొమలు...

కళ్లు తెరిచి ఉన్నాయి.

పెన్సిల్ కళ్లు నాకు తెలుసు. అప్పటికే చాలా చూశాను. ఎటూ చూడవు, పొడిగా ఉంటాయి. ఇవి అలా లేవు. కెమెరా వైపు కాకుండా ఎడమ పక్కకి చూస్తున్నాయి. ఎవరినో. కింది రెప్పల దగ్గర... తడి.

మొహం స్క్రీన్‌కి దగ్గరగా పెట్టి చూశాను.

అప్పుడు పక్క గదిలోంచి... టక్.

ఆగింది.

టక్... టక్...

ఫోటోలు తీసిన కుర్చీ ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది. అది ఎలుక చప్పుడు కాదు. కాళ్లు నేలకి అందని పిల్లలు కుర్చీలో కూర్చుని మడమలతో తన్నే చప్పుడు. రోజూ క్లాసులో వింటాను. నాకు తెలియదా? లేచి చూడలేదు. చూసే ధైర్యం లేదు. టక్... టక్... వీధి తలుపు కిర్రుమంది. చప్పుడు ఆగిపోయింది.

"ఏటమ్మా, అలగున్నావు?" అన్నాడు బాబాయ్.

పిల్లాడు కళ్లు తెరిచాడని చెప్పి స్క్రీన్ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "కళ్లు మూసే ఉన్నాయి కదమ్మా," అన్నాడు. తర్వాత మెల్లగా, "తుడిసేసేవా?" అన్నాడు. తిట్టలేదు. నేనూ చూశాను. మూసే ఉన్నాయి. రెండు స్కాన్లలోనూ. చప్పుడు సంగతి చెబితే బాబాయ్ పక్క గదిలో లైటు వేశాడు. కుర్చీ ఎక్కడిదక్కడే ఉంది. దాని మీద దుమ్ము కూడా చెదరలేదు.

ఆదివారం మామ్మ వచ్చింది. నిజం చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. ఫోటో ప్రింటు చేతికిచ్చి, "మామ్మా, నా వల్ల ఒక పొరపాటు..." అన్నాను. ఆమె వినలేదు. ఫోటోని కంటికి ఆనించేంత దగ్గరగా పట్టుకుంది.

"ఇటే సూత్తన్నాడు," అంది.

"ఎటు మామ్మా?"

"ఇదిగో, ఇటు." ఆమె వేలు ఫోటోలో ఎడమ పక్కకి వెళ్లింది. "ఆవేళ అమ్మ నన్ను ఈ పక్కన నిలబెట్టింది. నన్నే సూత్తన్నాడు."

ఆ రాత్రి సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. బాబాయ్‌కి కూడా నేను ఎడమ పక్క అని చెప్పలేదు.

"ఏడుత్తన్నాడేటి తల్లీ?" అంది. "కంటి కింద తడిలాగుంది. నాకు సరిగ్గా ఆనటం లేదు. నువ్వు సూసి సెప్పు."

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. మూసిన కళ్లు. మళ్లీ చూశాను. మూసిన కళ్లే.

"లేదు మామ్మా. ఏడవడం లేదు," అన్నాను.

"అమ్మయ్య," అంది. ఫోటోని కొంగులో చుట్టుకుని, గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

ఆమెకి చూపు సరిగ్గా లేదు, నాకు నిద్ర లేదు. ఇంతే అంటారు మీరు. నేనూ చాలాసార్లు అలాగే అనుకుని పడుకున్నాను. ఆ రోజు ఆమెకి చెప్పింది నిజమో అబద్ధమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఎందుకంటే ఆ తడి... నేనూ చూశాను.